క్యాంపస్ కరెంటు బిల్లు ఎవరిది?

మన అన్నలూ అక్కలూ ఏ విశ్వవిద్యాలయంలో చేరాలా అని ఆలోచించేటప్పుడు ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, హాస్టల్ దొరుకుతుందా, చదువు అయ్యాక ఉద్యోగం వస్తుందా అని విచారిస్తారు. ఆ విశ్వవిద్యాలయం ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు వాడుతుందని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా వెంటనే చెప్పగలిగేవాళ్ళు అంత పెద్ద ప్రాంగణంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ అంకె ఇంజనీర్ల ఫైళ్ళలో ఉండిపోకుండా, అక్కడ చదివే, పనిచేసే, నివసించే ప్రతి ఒక్కరి కంటికీ కనబడాలని నా అభిప్రాయం. కరెంటు ఆదా చేయడానికీ, కర్బన ఉద్గారాలు తగ్గించడానికీ మిగతా పనులన్నీ దాని తర్వాతే.

విశ్వవిద్యాలయాల సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన కేంద్రీయ విద్యాలయాలు ఎన్నో ఐఐటీల, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లోనే ఉన్నాయి. మనలో చాలామంది అలాంటి ప్రాంగణాల క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళం, లేదా రేపు వాటి హాస్టళ్ళలో చేరబోయేవాళ్ళం. క్యాంపస్ అంటే తరగతి గదులు మాత్రమే కాదు. హాస్టళ్ళు, మెస్సులు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, ఆసుపత్రి, వీధి దీపాలు, నీళ్ళ పంపులు, బస్సులు అన్నీ ఉన్న చిన్న ఊరు అది. ఆ ఊరికి కరెంటు ఎక్కడి నుంచో వస్తోంది. అది ఎక్కడ పుడుతోందో ముందు చూద్దాం.

మన దేశంలో పుట్టే కరెంటులో దాదాపు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు భాగాలు, బొగ్గు నుంచే వస్తోంది. రామగుండంలో సింగరేణి బొగ్గు, విశాఖ దగ్గర సింహాద్రిలో ఒడిశా తాల్చేరు బొగ్గు మండుతుంది. బొగ్గు మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతే కరెంటుగా మారుతుంది, మిగిలింది చిమ్నీల నుంచీ కూలింగ్ టవర్ల నుంచీ గాలిలో కలిసిపోతుంది. ఒక్క యూనిట్ కరెంటుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. బొగ్గులోని ప్రతి కర్బన పరమాణువూ గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులతో కలుస్తుంది. కర్బనం భారం 12, రెండు ఆక్సిజన్లది 32, మొత్తం 44. అందుకే కిలో కర్బనం మండితే మూడున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. జలవిద్యుత్తు, గాలి మరలు, సౌర విద్యుత్తు, అణు విద్యుత్తు అన్నీ కలిపి సగటు తీసినా, మన దేశంలో ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళుతోంది. ఈ 0.7 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. మీటరు చదవడం వచ్చినవాళ్ళెవరైనా దీనితో ఉద్గారాల లెక్క కట్టవచ్చు.

ఒక తరగతి గదిని తీసుకుందాం. నాలుగు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఆరు పాత ట్యూబ్‌లైట్లు, చోక్‌తో కలిపి ఒక్కోటి 50 వాట్లు. మొత్తం 600 వాట్లు. రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 200 రోజులు నడిస్తే 720 యూనిట్లు. అంటే ఆ ఒక్క గది పేరున ఏడాదికి దాదాపు 500 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇప్పుడు అదే గదిలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే మొత్తం 240 వాట్లకు దిగుతుంది. ఏడాదికి 288 యూనిట్లు చాలు. గాలి అంతే వస్తుంది, వెలుతురు అంతే ఉంటుంది, 432 యూనిట్లు మిగులుతాయి. అలాంటి గదులు వంద ఉన్న విశ్వవిద్యాలయంలో ఏడాదికి 43,200 యూనిట్లు, దాదాపు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతాయి. ఎవరూ ఉక్కపోతతో బాధపడనక్కరలేదు, ఎవరూ చీకట్లో చదవనక్కరలేదు.

ఏసీల సంగతి ఇంకో లెక్క. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని విద్యుత్ పొదుపును పర్యవేక్షించే కేంద్ర సంస్థ, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ, చెబుతోంది. మనం సామాన్ల మీద చూసే నక్షత్రాల లేబుల్ ఇచ్చేది ఈ సంస్థే. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం వచ్చింది. 20 దగ్గర నడిచే సెమినార్ హాలును 24కు మారిస్తే దాదాపు నాలుగో వంతు ఆదా అవుతుంది. పైన ఫ్యాన్ కూడా తిరిగితే 26 డిగ్రీల్లోనూ హాయిగా కూర్చోవచ్చు. మండు వేసవిలో స్వెట్టర్ వేసుకుని కూర్చోవలసిన హాళ్ళు మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ చలికి మూలం ఎక్కడో మండుతున్న బొగ్గే.

ప్రయోగశాలల్లో ఇంకా పెద్ద ఖర్చులు ఉంటాయి. జీవశాస్త్ర విభాగాల్లో నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒక్కటే ఒక ఇల్లంత కరెంటు తింటుంది. రసాయనశాలలో విషవాయువులను బయటికి లాగే గాజు తలుపుల అరలు ఉంటాయి. పని అయ్యాక ఆ తలుపు కిందికి దించకపోతే, గదిలో చల్లబరచిన గాలంతా వాటిగుండా బయటికి పోతూనే ఉంటుంది. తలుపు దించడానికి రూపాయి ఖర్చు లేదు. దించాలని గుర్తుచేసేవాళ్ళు కావాలి, అంతే.

ఇంత తేలికైన పనులు ఇన్నేళ్ళుగా ఎందుకు జరగడం లేదు? మనుషులు చెడ్డవాళ్ళని నేననుకోను. ఇంట్లో గదిలోంచి బయటికి వస్తూ ఫ్యాన్ కట్టకపోతే కేకలేసే నాన్నే ఆఫీసులో సాయంత్రం లైటు కట్టకుండా వచ్చేస్తారు. ఇంట్లో మీటరు తిరిగితే బిల్లు ఇంటికొస్తుంది. క్యాంపస్‌లో అలా కాదు. అక్కడ ఫ్యాన్లు కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు, బిల్లు కట్టేది మరొకరు. కొనే విభాగం టెండరులో తక్కువ ధర చూస్తుంది, ఎందుకంటే వాళ్ళ లెక్కలో కొన్న ధరే కనబడుతుంది, పదేళ్ళ కరెంటు ఖర్చు కనబడదు. వాడే విద్యార్థికి బిల్లు రాదు. బిల్లు కట్టే ఆర్థిక విభాగానికి ఏ గదిలో ఏం తిరుగుతోందో తెలియదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. గొడ్డు అందరిదీ అయినప్పుడు గడ్డి వేసే పని ఎవరిదీ కాకుండా పోతుంది.

కొనేచోట లెక్క ఎలా తప్పుతుందో చూడండి. మామూలు ఫ్యాన్ 1,600 రూపాయలు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 3,000 రూపాయలు అనుకుందాం. కాగితం మీద మొదటిదే చౌక. కానీ రెండోది 45 వాట్లు తక్కువ తీసుకుంటుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి 250 రోజులు నడిస్తే 112 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి దాదాపు 900 రూపాయలు. ఎక్కువ పెట్టిన 1,400 రూపాయలు రెండేళ్ళలోపే తిరిగి వస్తాయి. ఫ్యాన్ మాత్రం పదేళ్ళు తిరుగుతుంది. చౌకగా కొన్నామని సంతోషించిన ఫ్యానే అన్నిటికన్నా ఖరీదైనదని తేలుతుంది.

అందుకే మొదటి పని మీటర్లు పెట్టడం. పెద్ద క్యాంపస్‌లకు కరెంటు సాధారణంగా హైటెన్షన్ లైను ద్వారా ఒకే చోట వస్తుంది, బిల్లు కూడా ఆ ఒక్క మీటరు మీదే వస్తుంది. అక్కడి నుంచి గ్రంథాలయానికి ఎంత పోయింది, ఏ హాస్టల్‌కు ఎంత పోయింది అన్నది చాలాచోట్ల ఎవరికీ తెలియదు. జ్వరం ఎంతో చూడకుండా మందు వేసినట్టే ఇది. ప్రతి భవనానికీ ఒక మీటరు ఉండాలి. నెలనెలా ఆ అంకె, పోయిన ఏడాది అదే నెల అంకెతో పాటు, గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలి. ఒక్కో విద్యార్థికి ఎన్ని యూనిట్లు వచ్చాయో కూడా రాస్తే రెండు హాస్టళ్ళను పోల్చి చూడవచ్చు. పోటీ మొదలైతే మిగతా పని విద్యార్థులే చూసుకుంటారు.

మీటరు ఉంటే ఇంకో విషయం బయటపడుతుంది. సెలవు రోజున రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి ఒక తరగతుల భవనం మీటరు చూడండి. లోపల మనుషులు లేరు. అయినా 40 యూనిట్లు తిరిగిందంటే ఏవో నడుస్తున్నాయన్నమాట. ఆపని కంప్యూటర్లు, కారిడార్ లైట్లు, ఎవరో వదిలేసిన ఏసీ, నీళ్ళు లేకుండా వేడెక్కుతున్న కూలర్ పంపు ఏదో ఒకటి దొరుకుతుంది. భవనం నిద్రపోయినప్పుడు తినే కరెంటును పట్టుకుంటే ఎవరి సౌకర్యమూ తగ్గకుండా బిల్లు తగ్గుతుంది.

మిగిలిన డబ్బులో సగం ఆ హాస్టల్‌కో, ఆ విభాగానికో తిరిగి ఇవ్వాలని కూడా నా సూచన. ఆటవస్తువులు కొనుక్కుంటారో, పుస్తకాలు కొనుక్కుంటారో వాళ్ళ ఇష్టం. ఇప్పుడు ఆదా చేసినవాళ్ళకు ఏమీ రాదు, వృథా చేసినవాళ్ళకు ఏమీ పోదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు సాగే ఈ పద్ధతిలో మంచి అలవాట్లు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

ఇంత చెప్పాక మీరు అడగవచ్చు: ఇవన్నీ ఎందుకు, కప్పుల మీద సోలార్ ప్యానెళ్ళు పెడితే సరిపోదా? పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. సుమారు వంద చదరపు అడుగుల కప్పు మీద ఒక కిలోవాట్ ప్యానెళ్ళు పడతాయి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. తరగతులు పగలు నడుస్తాయి, ఎండా పగలే ఉంటుంది, కాబట్టి ఆ రెండింటికీ బాగా కుదురుతుంది. కానీ హాస్టళ్ళలో వాడకం ఎక్కువగా రాత్రిపూట. వానాకాలంలో ఎండ తక్కువ. పైగా వృథాను అలాగే ఉంచి ప్యానెళ్ళు పెట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ముందు చిల్లు పూడ్చితే తక్కువ ప్యానెళ్ళతోనే ఎక్కువ భవనాలకు సరిపోతుంది. ప్యానెళ్ళతో ఫోటో బాగా వస్తుంది, ఫ్యాన్లు మార్చినందుకు ఎవరూ ఫోటో తీయరు. అయినా ముందు చేయవలసింది ఫ్యాన్ల పనే.

భవనాల విషయంలో బదిలీల పిల్లలమైన మనకు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ అనుభవం ఉంది. జోధ్‌పూర్‌లో హాయినిచ్చిన కూలర్ విశాఖపట్నంలో ఎందుకు పనిచేయదో మనకు పుస్తకం చదవకుండానే తెలుసు. పొడి గాలిలో నీరు త్వరగా ఆవిరై చల్లబరుస్తుంది. సముద్రపు తేమ గాలిలో నీరు ఆవిరి కాదు, గది ఇంకా జిడ్డుగా తయారవుతుంది. భవనాల విద్యుత్ నియమావళి కూడా మన దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించింది: వేడి పొడి, వేడి తేమ, మిశ్రమ, సమశీతల, శీతల మండలాలు. మనలో కొందరం పదో తరగతిలోపే వీటిలో మూడింట కాపురం చేశాం. అయినా ఊరేదైనా ఒకే నమూనా భవనం, పడమటి ఎండకు ఎదురుగా ఒకే గాజు గోడ చాలాచోట్ల కనబడతాయి. గాజులోంచి ఎండ లోపలికి వస్తుంది, వేడి మాత్రం అంత తేలిగ్గా బయటికి పోదు. ఆ వేడిని తోడిపోయడానికి మళ్ళీ ఏసీలు.

పాతవాళ్ళకు ఈ విషయం తెలుసు. హైదరాబాద్‌లో 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం చూడండి. దళసరి రాతి గోడలు, ఎత్తయిన పైకప్పులు. పగటి వేడి రాతిని దాటి లోపలికి రావడానికి చాలా సమయం పడుతుంది. శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో మొదలుపెట్టిన బడిలో పాఠాలు చెట్ల కింద జరిగేవి, ఆ సంప్రదాయం నేటికీ ఉంది. అన్ని పాఠాలూ చెట్టు కింద చెప్పలేం, ప్రయోగశాలను చెట్టు కింద పెట్టలేం. కానీ చెట్టు నీడ పడే గోడకూ, పడని గోడకూ తేడా ఎంతో మే నెలలో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది.

కొత్తవాళ్ళూ చేసి చూపించారు. హైదరాబాద్‌లోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో, అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనమైంది. హరిత భవనాలను కొలవడానికి మన దేశంలోనే తయారైన ‘గృహ’ అనే విధానంలో మొదటి ఐదు నక్షత్రాల భవనం ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే వచ్చింది. అది కాన్పూర్ ఐఐటీలోని పర్యావరణ శాస్త్ర, ఇంజనీరింగ్ కేంద్రం. కాన్పూర్‌లో వేసవి నిప్పులు చెరుగుతుంది, శీతాకాలం ఎముకలు కొరుకుతుంది. అక్కడ పైకప్పు వేడెక్కకుండా నీడా, వేడిని ఆపే పొరా ఏర్పాటు చేశారు. భూమి లోపలి గొట్టాల గుండా గాలిని పంపి చల్లబరిచే పద్ధతినీ వాడారు. కొన్ని మీటర్ల లోతున మట్టి వేసవిలో చల్లగా, శీతాకాలంలో వెచ్చగా ఉంటుంది. మన ఊళ్ళలో బావినీళ్ళు అలా ఉండడానికి కారణం కూడా అదే.

పాత భవనాలన్నిటినీ పడగొట్టి కొత్తవి కట్టలేం, కట్టకూడదు కూడా. సిమెంటు, ఉక్కు తయారీలోనూ బోలెడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఉన్న భవనాల కప్పుకు తెల్లని పూత వేయడం అందరికీ అందుబాటులో ఉన్న మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. పడమటి కిటికీలకు సన్‌షేడ్, పక్కన రెండు వేప చెట్లు, పైన తెల్ల కప్పు ఉంటే పై అంతస్తు గదిలో కూర్చునేవాళ్ళకు తేడా తెలుస్తుంది.

దేశంలోని ఫ్యాక్టరీలతో పోలిస్తే క్యాంపస్‌ల వాటా ఎంత, దీనికింత గొడవ ఎందుకు అని కొందరంటారు. వాటా చిన్నదే. కానీ రేపు ఆ ఫ్యాక్టరీలను నడిపేవాళ్ళు, భవనాలు గీసేవాళ్ళు, టెండర్ల మీద సంతకాలు పెట్టేవాళ్ళు ఈ రోజు ఆ తరగతుల్లోనే కూర్చున్నారు. 2070 నాటికి మన దేశం నికర ఉద్గారాలను సున్నాకు తెస్తుందని 2021లో గ్లాస్గో సదస్సులో మాట ఇచ్చాం. 2070లో నాకూ, ఈ పత్రిక చదువుతున్న మీకూ అరవై దాటి ఉంటాయి. ఆ మాట నిలబెట్టవలసింది మన తరమే. బల్లమీద వాతావరణ మార్పు పాఠం, తలపైన ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్ ఉంటే విద్యార్థి దేన్నుంచి నేర్చుకుంటాడు?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చివరికి ఉంచాను. క్యాంపస్‌లో శాశ్వతంగా ఉండేవాళ్ళు ఎవరు? విద్యార్థి మూడు నాలుగేళ్ళు ఉంటాడు. వార్డెన్ రెండు మూడేళ్ళు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వైస్ ఛాన్సలర్ పదవీకాలం ఐదేళ్ళు. భవనం మాత్రం యాభై ఏళ్ళు నిలబడుతుంది. ‘ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా’ అని ప్రతి ఒక్కరూ అనుకుంటే యాభై ఏళ్ళూ అది ఎవరికీ చెందని భవనంగానే మిగులుతుంది. ఈ మాట మనకు కొత్త కాదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఊరు మారే మన ఇళ్ళలో ఎన్నోసార్లు విన్నదే. ‘ఈ పెరట్లో మొక్కలు నాటి ఏం లాభం, కాయలు కాసేసరికి మనం ఉండం’ అంటారు కొందరు. కానీ మనం చేరిన ప్రతి క్వార్టర్ పెరట్లోనూ ఎవరో ఎప్పుడో నాటిన కరివేపాకు చెట్టో, జామచెట్టో ఉంటుంది. నాటినవాళ్ళ పేరు మనకు తెలియదు, కాయలు మాత్రం తిన్నాం.

ప్రభుత్వోద్యోగాల్లో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. బదిలీ అయినవాళ్ళు ఛార్జి అప్పగించి వెళ్ళాలి. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ పని ఎంతవరకు వచ్చింది, బీరువాలో ఏమున్నాయి అన్నీ రాసి, వచ్చినవాళ్ళ సంతకం తీసుకుంటేనే విడుదల. ఆ అప్పగింత కాగితంలో ఒక్క వరుస చేర్చాలని నేను కోరుతున్నాను. ‘నేను వచ్చిన ఏడాది ఈ భవనం వాడిన యూనిట్లు ఇన్ని, వెళ్ళే ఏడాది ఇన్ని.’ విభాగాధిపతి రాయాలి, వార్డెన్ రాయాలి, వైస్ ఛాన్సలర్ కూడా రాయాలి. అంకె పెరిగితే కారణం రాయాలి. కొత్త ప్రయోగశాల వచ్చి పెరిగితే అది తప్పు కాదు. కారణం తెలియకుండా పెరిగితే తర్వాత వచ్చినవాళ్ళు అక్కడి నుంచే పని మొదలుపెడతారు.

మనం పెద్దయ్యేదాకా ఆగనక్కరలేదు. మన బడిలోనూ ఒక మీటరు ఉంది. ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, ఎలక్ట్రీషియన్ అన్న పక్కన ఉండగా నెల మొదటి రోజున దాని అంకె చూసి ఒక నోటుపుస్తకంలో రాద్దాం. పోయిన నెల అంకె తీసివేసి, వచ్చినదాన్ని 0.7తో హెచ్చించి నోటీసు బోర్డు మీద పెడదాం. ఏ గదిలో ఎన్ని పాత ఫ్యాన్లు, ఎన్ని పాత ట్యూబులు ఉన్నాయో ఒక జాబితా తయారుచేసి, పాడైనప్పుడు వాటి స్థానంలో ఏం కొనాలో పైన చెప్పిన లెక్కతో సహా ఆఫీసుకు ఇద్దాం. మార్చిలో మనలో కొందరికి నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వులు వస్తాయి, టీసీ తీసుకుని వెళ్ళిపోతాం. వెళ్ళేముందు ఆ నోటుపుస్తకాన్ని కింది తరగతివాళ్ళకు అప్పగించి, మొదటి పేజీలో వాళ్ళ సంతకం తీసుకుందాం.